ఉలి దించినవాడు

ఆళ్ళగడ్డ
11 ఆగస్టు 2024

బావా,

ఫోను చేయొద్దని చెప్పింది నేనే. ఫోనులో నేను అరుస్తాను, నువ్వు మాట్లాడకుండా వింటావు, పెట్టేశాక ఏమీ తేలదు. కాగితం మీదైతే నా కోపమంతా చివరిదాకా చెప్పగలను. నువ్వు కూడా తప్పించుకోకుండా జవాబు రాయాలి.

నువ్వు వెళ్ళిపోయాక ఇక్కడ ఏం జరిగిందో నీకు తెలియదు. శిల్పశాలలో అందరి ముందూ ఉలి, సుత్తి నాయన కాళ్ళ దగ్గర పెట్టావు. "మామా, నేను యేసుప్రభువును నమ్ముకున్నా. బాప్తిస్మం తీసుకున్నా. ఇంగ విగ్రహాలు చెక్కలేను" అని గేటు దాటిపోయావు. పనివాళ్ళు కట్టర్లు ఆపేశారు. నాయన లేవలేదు. సాయంత్రం దాకా నువ్వు వదిలిన రాతి పక్కనే కూర్చున్నాడు. అమ్మ అన్నానికి పిలిస్తే, "ఉమామహేశ్వరీ, వాడు చచ్చిపోయినాడంటే ఏడ్చి ఊరుకుందును. బతికుండి పోయినాడే, ఎట్ల ఏడ్చేది?" అన్నాడు.

అత్త పోయినప్పుడు నిన్ను సైకిలు మీద ఎక్కించుకొని ఈ ఇంటికి తెచ్చింది నాయన. ఉలి పట్టించింది నాయన. మూడేళ్ళ కిందట నన్ను నీకిచ్చింది నాయన. తండ్రి, గురువు, మామ, ముగ్గురినీ ఒక్క మాటతో వదిలేశావు. ముందు రోజు నాకు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న పుస్తకం ఏడాదిగా చదువుతుంటే, రోగంలో పట్టుకున్న కాలక్షేపం అనుకున్నాను.

దొర్నిపాడు దగ్గరి పల్లెవాళ్ళకు చేస్తున్న అమ్మవారు నీకు తెలుసు. ఒళ్ళంతా అయింది. ముఖం ఇంకా మొద్దుగానే ఉంది. మాఘంలో ప్రతిష్ఠ. నాయనకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి, చక్కెర తగ్గితే గానీ ఆపరేషన్ చేయం అంటున్నారు. నల్లరాతిలో ముఖం తీయగలిగినవాడివి మన దగ్గర నువ్వొక్కడివే.

నాయన అడగడు. నేను అడుగుతున్నాను. వచ్చి ఆ ముఖం ఒక్కటి చెక్కు. తర్వాత నీ దారిన నువ్వు పో. ఇంతమందిని ఏడిపించి పోయావు కదా, అక్కడ నీకు దొరికిందేమిటో అది కూడా రాయి.

భాను


నంద్యాల
19 ఆగస్టు 2024

భానూ,

అడిగావు కాబట్టి మొదటి నుంచీ చెప్తాను.

టీబీ అని తేలి ఇక్కడి నంద్యాల ఆసుపత్రి వార్డులో పడేసినప్పుడు నా దగ్గరికి రావద్దని డాక్టరు నీకు చెప్పాడు. మామ కిటికీ అవతల నిలబడి చూసి వెళ్ళేవాడు. మీ తప్పు కాదు. కానీ నెత్తురు కక్కిన రోజు నా నోరు తుడిచింది, పక్క మార్చింది ఆయా లూదియమ్మ. ఎవరూ ముట్టుకోని వాటిని ఆమె ఏమీ అనకుండా కడిగేది. మతం మాట ఒక్కటి ఎత్తలేదు. నేనే అడిగాను: "నీకు భయం ల్యా అమ్మా? యాల చేస్తాండావ్ ఇదంతా?"

"నాకు చేసినాయప్ప ఒకడుండాడు నాయనా. ఆయప్పకు తిరిగి చేసేదానికి నాతో కాదు. అందుకే నీకు చేస్తాండా" అంది.

ఆయన ఎవరో తెలుసుకోవాలని ఆ పుస్తకం అడిగి తీసుకున్నది నేను. నా రోగం మందులతోనే తగ్గింది. అద్భుతం జరిగిందని ఎవరికీ చెప్పలేదు, చెప్పను. కానీ చదివేకొద్దీ, ఆయన నన్ను పేరు పెట్టి పిలుస్తున్నట్టు ఉండేది. వెంట రమ్మంటున్నాడు. సుఖంగా ఉంటుందని మాత్రం ఎక్కడా చెప్పడు. ఇక్కడ సంఘం నడిపే ఫిలిప్ పాస్టరుగారు కూడా నన్ను తొందరపెట్టలేదు. "నీ చేతిలో పనేందో నాకు తెలుసప్పా. ముందు ఇంటికి పోయి, ఏమేం పోతాదో ఆలోచన చేసుకొని రా" అని రెండుసార్లు వెనక్కి పంపాడు. ఆలోచించే వచ్చాను.

ముఖం సంగతి. మామే నేర్పాడు: మనసు లేని చేయి రాతిని చెరుపుతుందని. నేను మొక్కేది ఒకరికి, చెక్కేది ఇంకొకరిని అయితే నా మొక్కూ అబద్ధమే, నా పనీ అబద్ధమే. ఆ పల్లెవాళ్ళు నమ్మకంతో చేతులు జోడించే చోట అబద్ధం నిలబెట్టలేను. రాను భానూ.

ఏం దొరికిందంటావా? మామనూ, నిన్నూ పోగొట్టుకొని కూడా పొద్దున లేచినప్పుడు నేను ఒంటరిగా లేను. ఇంతకంటే చెప్పడం నాకు రాదు.

ఇక్కడ నాపరాళ్ళకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పని దొరికింది. యజమాని మా సంఘంలోని విశ్వాసే. గది కూడా ఆయనే ఇచ్చాడు. నా గురించి దిగులు వద్దు. నువ్వు ఎప్పుడు వచ్చినా ఇది నీ ఇల్లు.

ప్రభువు నామంలో వందనాలు.

మౌనేశ్


ఆళ్ళగడ్డ
4 సెప్టెంబర్ 2024

బావా,

ముందు ఒక మాట. నాకు "వందనాలు" అని రాయకు. నేను నీ సంఘం మనిషిని కాదు, నీ పెళ్ళాన్ని.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. లూదియమ్మ సంగతి చదివినప్పుడు సిగ్గుపడ్డాను. మిగతాది చదివినప్పుడు కోపం వచ్చింది. రానన్నావు కదా. సరే. నువ్వు లేకపోతే ఈ గేటు మూసేస్తామనుకున్నావేమో.

నీ ఉత్తరం వచ్చిన మరునాడే నాయన ఆ పల్లె పెద్దమనుషులకు ఫోను చేసి, "వేరే వాళ్ళను చూసుకోండప్పా, నాతో కాదు" అని చెప్పబోతుంటే ఫోను లాక్కున్నాను.

"నాయనా, ముఖం నేను చెక్కుతా."

"ఏందీ?"

"నేనే చెక్కుతా. విగ్రహాలకు గీతలన్నీ చిన్నప్పటి నుంచి గీస్తాండేది నేనే గదా."

"గీసేది వేరే, ఉలి పట్టేది వేరే అమ్మీ. మన ఇంట్ల ఆడోళ్ళు రాయి మింద చెయ్యి ఎయ్యల్యా."

"ఎయ్యగూడదని యాడ రాసిండారు? చూపియ్యి."

వాకిట్లో బియ్యం చెరుగుతున్న అమ్మ తల ఎత్తకుండానే అంది: "చూపియ్యమంటే యాడ చూపిస్తాడు? ఆయప్పకు అచ్చరాలే కనపడవు."

ఎన్నాళ్ళకో నాయన నవ్వాడు. మరుసటి రోజు ఒక పనికిరాని రాయి నా ముందు వేయించాడు. అప్పటి నుంచీ తలలు చెక్కుతున్నాను. చేతికి బొబ్బలు పగిలి మళ్ళీ బొబ్బలు వచ్చాయి. మొదటి తల ముక్కు దగ్గర విరిగింది. రెండోది చూసి అమ్మ, "ఇది మీ మేనత్త మాదిరుంది, కోపంలో ఉన్నప్పుడు" అంది.

కళ్ళు, ముక్కు ఇప్పుడు కుదురుతున్నాయి. పెదవి దగ్గరే పోతోంది. నువ్వు చెక్కితే కింది పెదవి కింద ఒక నీడ పడుతుంది, దానితోనే ముఖానికి దయ వస్తుంది. నేను చెక్కితే మూతి బిగించినట్టు ఉంటుంది. ఉలి ఏ వైపు నుంచి పెడతావు? పై నుంచా, పక్క నుంచా? దెబ్బ ఎంత? నువ్వు రానక్కర్లేదు. ముట్టుకోనక్కర్లేదు. ఒక్క నాలుగు వాక్యాలు రాసి పంపు.

భాను


నంద్యాల
12 సెప్టెంబర్ 2024

భానూ,

నువ్వు ఉలి పట్టావని చదివి బయటికి వెళ్ళి కాసేపు నడిచి వచ్చాను. నీ చేయి ఎంత స్థిరమైనదో నాకు తెలుసు. బొబ్బలకు కొబ్బరినూనె రాయొద్దు, చేయి మెత్తబడుతుంది. పసుపు పెట్టు.

పెదవి గురించి నాలుగు వాక్యాలు ఒక కాగితం మీద రాశాను. పంపుదామని కవరు కూడా తెచ్చాను. తర్వాత చించేశాను.

నా చేయి మానేసిన పనిని నా మాటతో చేయిస్తే, నేను మానేసినట్టు కాదు. మామ ముందు ఉలి దించి, వెనక నుంచి పోస్టులో అందించినట్టు అవుతుంది. నీకు ఇది మొండితనంగా కనిపిస్తుంది. నాకే కనిపిస్తోంది. అయినా చెప్పలేను. నన్ను తిట్టు.

మౌనేశ్


ఆళ్ళగడ్డ
16 సెప్టెంబర్ 2024

ఆ విద్య నువ్వు పుట్టించింది కాదు. మా నాయన నీకు పెట్టిన అన్నం లాంటిదే అది కూడా. దాన్ని నాకే ఇవ్వకుండా దాచుకుంటున్నావు.

మీ దేవుడు ఎంత మంచివాడైనా కానీ, నీ చేత ఈ ఉత్తరం రాయించాడంటే నాకు ఆయనతో మాటలు లేవు. నీతోనూ లేవు. ఇంక రాయకు.


నంద్యాల
20 నవంబర్ 2024

భానూ,

రాయవద్దన్నావు. రెండు నెలలు ఆగాను. ఇప్పుడు రాయకపోతే నువ్వు నన్ను తప్పుగా తెలుసుకుంటావు.

ఆళ్ళగడ్డ బస్టాండు గోడల మీద నా ఫోటోతో పోస్టర్లు వేశారని విన్నాను. ఈ శనివారమే ఇక్కడ పెద్ద బహిరంగ సభ. మా యజమానే దాన్ని జరిపిస్తున్నాడు. పై ఊరి నుంచి ప్రసంగీకుడు వస్తున్నాడు. ప్రభువును ఎలా నమ్ముకున్నానో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు, సంతోషంగా ఒప్పుకున్నాను. పోస్టరు మీద ఏం రాశారో వేసిన తర్వాతే చూశాను: విగ్రహాలు చెక్కిన చేత్తోనే విగ్రహాన్ని బద్దలు కొడతాడని. వేదిక మీద ఒక చిన్న విగ్రహం పెడతారట. నాకు సుత్తి ఇస్తారట.

యజమాని దగ్గరికి వెళ్ళి, కొట్టనని చెప్పాను. "నువ్వు ఇంకా వాటికి భయపడతాండావా మౌనేశూ?" అన్నాడు. "భయం కాదు సార్. అది చెక్కినోడు నాలాంటోడే. దానికి మొక్కేటోళ్ళు మా ఇంటోళ్ళే" అన్నాను. జనం ముందు చూద్దాంలే అన్నాడు.

ఫిలిప్ పాస్టరుగారికి చెప్పాను. "పగలగొడితే చప్పట్లు కొడతారు. కొట్టకుంటే నీకు అన్నం పెట్టేటోళ్ళకు కోపం వస్తాది. రెండూ తెలుసుకొనే స్టేజీ ఎక్కప్పా. నేను నీ పక్కన నిలబడతా" అన్నాడు.

మామ ఆ పోస్టరు చూసి ఉంటే చెప్పు: నేను చెక్కను అన్నాను, అంతే. ఆ సుత్తి ఎత్తను. ఆయన నమ్మకపోయినా సరే, ఒకసారి చెప్పు.

మౌనేశ్


ఆళ్ళగడ్డ
2 డిసెంబర్ 2024

బావా,

పోస్టరు నాయన చూశాడు. కళ్ళు కనపడక, పక్కనున్న వాళ్ళతో చదివించుకున్నాడు. ఇంటికి వచ్చి మేడ మీద నీ పెట్టె కిందికి దింపించి, వీధిలో పెట్టమన్నాడు. అమ్మ దానిమీద కూర్చుంది. "నన్ను గూడా వీధిలో పెట్టు" అంది. అప్పుడే నీ ఉత్తరం వచ్చింది. నేను చదివి వినిపించబోతే, "మాటలెవరైనా రాస్తారు" అని లేచి వెళ్ళాడు.

వారం కిందటి ఆదివారం ఆ సభ వీడియో ఊరంతా ఫోన్లలోకి వచ్చింది. నాయన ఫోను కంటికి ఆనించుకొని చూశాడు. నీకు సుత్తి ఇచ్చారు. నువ్వు దాన్ని బల్ల మీద పెట్టావు. మైకులో అన్నావు: "నాకు ఈ విద్య నేర్పినాయప్ప ఆళ్ళగడ్డలో ఉండాడు. అన్నం పెట్టి నేర్పినాడు. ఆయప్ప దేవుడ్ని నేను చెక్కను. ఆయప్ప దేవుడ్ని పగలగొట్టను గూడా. యేసుప్రభువు నన్ను ఎమ్మట రమ్మని పిలిచినాడు. ఇంగొకరి ఇంటి మింద రాయి ఎయ్యమని పిలవల్యా."

కొందరు చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. నీ చేతిలోంచి మైకు లాక్కున్నారు. లావుగా, తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన నీ పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆయనే ఫిలిప్ అనుకుంటాను.

నాయన, "ఇంగోసారి పెట్టు" అన్నాడు. మళ్ళీ చూశాడు. ఫోను నాకిచ్చి, "వాడు పని ఇడిసిపెట్టినాడు గానీ నన్ను ఇడిసిపెట్టల్యా" అన్నాడు. పెట్టె తానే లోపలికి లాగబోతుంటే అమ్మా నేనూ పట్టుకున్నాం.

ఇప్పుడు నీకు తెలియని సంగతి. నిన్న లూదియమ్మ వచ్చింది. ముందు చెప్పలేదు, బస్సు దిగి దారి అడుగుతూ వచ్చింది. సభ అయిన మరునాడే నిన్ను పనిలోంచి తీసేశారని, గది ఖాళీ చేయించారని ఆమె చెప్పింది. రెండు రోజులు చర్చి వరండాలో పడుకున్నావట. నాకు ఎందుకు రాయలేదు? నా కోపానికి భయపడ్డావా? కోపం వస్తే తిడతాను. ఆకలి వేస్తే అన్నం పెట్టకుండా ఉంటానా?

ఆమెకు అన్నం పెట్టాను. తిని, విస్తరి తానే తీసుకుపోబోయింది. నేను తీయనివ్వలేదు. అమ్మ చూస్తూనే ఉంది.

భాను


నంద్యాల
10 డిసెంబర్ 2024

భానూ,

నీకు రాయకపోవడానికి కారణం భయం కాదు. సభ గురించి అంత గట్టిగా రాసిన తర్వాత, ఇప్పుడు పని పోయిందని రాస్తే నీ జాలి అడిగినట్టు ఉంటుందనిపించింది.

నిజం చెప్తాను. మైకు లాక్కున్నప్పటి కంటే, గది తలుపుకు తాళం వేసినప్పుడు ఎక్కువ బాధపడ్డాను. నిన్నూ మామనూ వదిలి వచ్చినప్పుడు, ఎదురుగా నావాళ్ళు ఉన్నారనుకున్నాను. నావాళ్ళే బయటికి పంపారు. ఆ రాత్రి ప్రార్థనకు మాటలు రాలేదు. ఊరికే కూర్చున్నాను. అయితే ఒకటి తెలిసింది. నేను మనుషుల్ని చూసి రాలేదు కాబట్టి, మనుషుల్ని చూసి వెనక్కి పోనక్కర్లేదు.

పాస్టరుగారి సంఘంలో నుంచి యజమాని కుటుంబం, వాళ్ళ బంధువులు వెళ్ళిపోయారు. మిగిలింది కొద్దిమందే. "నా వల్ల మీకు నష్టం వచ్చింది" అంటే, ఆయన నవ్వి, "నాకు వచ్చిన నష్టం నన్ను లెక్కేసుకోనియ్యి. నువ్వు పోయి ఆ పెరడు శుభ్రం చెయ్యి" అన్నాడు. ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. అక్కడే ఉంటున్నాను. ఈ ఆదివారం ఆ కొద్దిమందీ పాడుతుంటే పైరేకులు అదిరాయి. నేను చిన్నప్పటి నుంచీ నవ్వడం తక్కువని నువ్వు అంటావు కదా. లూదియమ్మ నన్ను చూసి, "ఏందబ్బా, పండ్లన్నీ కనపడతాండాయి" అంది.

పని మొదలుపెట్టాను. సమాధి రాళ్ళ మీద పేర్లు చెక్కుతున్నాను. రోళ్ళు, తిరగళ్ళు చేస్తున్నాను. మొదటి రోలు కొన్నది ఒక ముస్లిం ఇల్లాలు. కదలకుండా నిలబడుతుందా లేదా అని నేల మీద పెట్టి చూసి మరీ తీసుకుంది.

నువ్వు తల చెక్కుతున్నావా ఇంకా? పెదవి గురించి అడగను.

మౌనేశ్


ఆళ్ళగడ్డ
18 ఫిబ్రవరి 2025

బావా,

ప్రతిష్ఠ అయింది.

పెదవి సంగతి చెప్తాను, నువ్వు అడగనన్నా. నువ్వు చెప్పనన్న తర్వాత నాయన దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఆయన నా చేయి పట్టుకొని తన మూతి మీద పెట్టాడు. "ఇప్పుడు కోపం తెచ్చుకుంటా, చూడు" అన్నాడు. తర్వాత, "ఇప్పుడు నువ్వు పుట్టిన పొద్దు గుర్తు చేసుకుంటాండా, చూడు" అన్నాడు. రెండో దానికి కింది పెదవి కింద కండ వదులైంది. నా వేలికి తెలిసింది. నువ్వు ఎలా చెక్కుతావో నాకు ఇప్పటికీ తెలియదు. నేను నాదిగా చెక్కాను. నువ్వు రాసి పంపి ఉంటే నీ పెదవే చెక్కి ఉండేదాన్ని. నీకు కృతజ్ఞత చెప్తున్నానని అనుకోకు. కోపం ఇంకా కొంత ఉంది.

ఆ పల్లె ఆడవాళ్ళు ముఖం చూసి, ఎవరు చెక్కారని అడిగారు. నాయన నన్ను ముందుకు తోశాడు. ఒక పెద్దాయన, ఆడమనిషి చేయి పడితే ఎట్లప్పా అని గొణిగాడు. ఒక ముసలామె ఆయన మీద లేచింది: "అమ్మవారే ఆడమనిషి. నోరు మూసుకొని కొబ్బరికాయ కొట్టు." కాయ కొట్టాడు.

నాయనకు చక్కెర తగ్గింది. వచ్చే నెల నంద్యాలలోనే కళ్ళ ఆపరేషన్. నువ్వు ఆసుపత్రికి రావద్దు. రమ్మని ఆయన చెప్పలేదు.

భాను


నంద్యాల
24 మార్చి 2025

భానూ,

మామ వచ్చాడు.

నువ్వు రావద్దన్నావని ఆసుపత్రికి వెళ్ళలేదు. ఆపరేషన్ రోజు షెడ్డులోనే ఉండి ప్రార్థన చేశాను. నిన్న మధ్యాహ్నం ఆటో ఆగింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని, పనివాడి భుజం పట్టుకొని దిగాడు. నేను లేచి నిలబడ్డాను. కాళ్ళకు మొక్కబోతే ఏమనుకుంటాడో, మొక్కకపోతే ఏమనుకుంటాడో తెలియలేదు. వంగి పాదాలు పట్టుకున్నాను. పెంచిన తండ్రికి అది చేయొద్దని నాకు ఎవరూ నేర్పలేదు.

"ఏం చెక్కుతాండావ్?" అన్నాడు.

"సమాధి రాయి మామా. ఎవరో ముసలాయన పేరు."

అద్దాలు తీసి వంగి చూశాడు. బొటనవేలితో అక్షరాలన్నీ తడిమాడు. "ఈ కొమ్ము లోతు చాలదు. ఒక వానకు మట్టి పట్టి మూసుకుపోతాది. చచ్చినోని పేరు గదా, నిలబడొద్దా?" అని పీట లాక్కొని కూర్చున్నాడు. కింద వంగొద్దని డాక్టరు చెప్పలేదా అంటే, నా చేతిలోంచి ఉలి తీసుకున్నాడు. ఆ ఒక్క కొమ్మూ సరిచేసి ఇచ్చాడు. తర్వాత అడిగాడు:

"మళ్ళా పనికి వస్తావా?"

"రాను మామా."

"బంగారట్లాంటి చెయ్యి."

"నాకు తెలుసు మామా, ఎవరిచ్చినారో."

"నువ్వు చేసింది నాకు నచ్చల్యా. ఇప్పుడు గాదు, చచ్చేదాంకా నచ్చదు."

"తెలుసు."

"అయితే ఒగటి. ఆ పొద్దు స్టేజీ మింద నువ్వు సుత్తి ఎత్తిండుంటే, నా మటుకు నువ్వు ల్యానట్టే. ఎత్తల్యా. అందుకే వచ్చినా."

ఫిలిప్ పాస్టరుగారు మంచినీళ్ళు తెచ్చారు. మామ చేయెత్తి నమస్కారం పెట్టాడు, నీళ్ళు మాత్రం తన సీసాలోవే తాగాడు. పాస్టరుగారు ఏమీ అనుకోలేదు. ఇద్దరూ ఎండల గురించి మాట్లాడుకున్నారు.

ఆటో ఎక్కుతూ అన్నాడు: "భాను నోరిడిసి చెప్పదు. రాత్రిళ్ళు నీ ఉత్తరాలు తీసి చదువుకుంటాంది. అది వస్తానంటే నేను అడ్డం పడను. తీసుకపో అని గూడా నా నోటితో చెప్పను. మీరూ మీరూ చూసుకోండి."

ఆటో మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వచ్చి ఏడ్చాను. దుఃఖం కాదు, సంతోషమని కూడా చెప్పలేను. ఆయనను నేను పోగొట్టుకున్న మాట నిజం. పోగొట్టుకున్నాక కూడా ఆయన వచ్చి నా అక్షరం దిద్దాడు. దేవుడు ఇచ్చేది ఇలా ఉంటుందని నేను అనుకోలేదు.

నీకు ఏం రాయాలో తెలుసు, ఎలా రాయాలో తెలియదు. రా భానూ.

మౌనేశ్


ఆళ్ళగడ్డ
2 ఏప్రిల్ 2025

బావా,

నాయన నా మీద చెప్పింది అబద్ధం. రాత్రిళ్ళు కాదు, మధ్యాహ్నం చదువుతాను.

వస్తాను. కానీ ముందే తేల్చుకుందాం, తర్వాత బాధపడొద్దు.

నేను మారి రావడం లేదు. నా దీపం నేను తెచ్చుకుంటాను, పొద్దునా సాయంత్రం పెడతాను. నీ ఆదివారానికి నేను అడ్డం రాను, నన్ను రమ్మని పిలవకు. నేను ఎప్పుడో ఒకనాడు మారతానని ఎదురుచూస్తూ కూర్చోకు. ఎదురుచూస్తే నీ ముఖంలోనే నాకు తెలుస్తుంది. ముఖాలు చూడటం ఇప్పుడు నా పని.

ఇంకొకటి, అసలైనది. ప్యాపిలి వాళ్ళు ఆంజనేయస్వామిని చేసిపెట్టమన్నారు. నేనే చెక్కాలని అడిగారు. ఒప్పుకున్నాను. ఉలి పట్టాక వదలడం నాతో కాదు, అది నీకే తెలియాలి. పని ఉన్న రోజుల్లో పొద్దున బస్సుకు ఆళ్ళగడ్డకు వస్తాను, సాయంత్రం తిరిగి వస్తాను. నువ్వు ఏ పని మానేసి ఇన్ని పోగొట్టుకున్నావో, అదే పని చేసే మనిషి నీ ఇంట్లో ఉంటుంది. నా ఒంటి మీద ఆ దుమ్మే ఉంటుంది.

నీ వాళ్ళు అడుగుతారు. ఫ్యాక్టరీ వాళ్ళు కాదు, ఇప్పుడు నీతో మిగిలిన ఆ మంచివాళ్ళే అడుగుతారు. ఏం చెప్తావో ఆలోచించుకో. నన్ను దాచాల్సి వస్తే నేను రాను.

భాను


నంద్యాల
8 ఏప్రిల్ 2025

భానూ,

నువ్వు మారాలని ఎదురుచూడను అని రాస్తే అబద్ధం అవుతుంది. నేను కనుక్కున్నది నీకూ దొరకాలని రోజూ ప్రార్థన చేస్తున్నాను, చేస్తూనే ఉంటాను. అది నాకూ ప్రభువుకూ మధ్య ఉంటుంది. నీ మీదికి రాదు. వస్తే నువ్వు నా ముఖంలో చూసినప్పుడే చెప్పు.

మిగతాదానికి, ఆలోచించుకోమన్నావు కదా. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ ఉండగానే లేచి చెప్పాను. నా భార్య వస్తోంది, ఆమె మన విశ్వాసి కాదు, విగ్రహాలు చెక్కుతుంది అని. మొదటి నుంచీ నాకు అండగా ఉన్న పెద్దాయన ఒకాయన లేచాడు. "తప్పుగా అనుకోవద్దప్పా. ఆ పనికోసరమే నువ్వు ఇల్లు వదిలి వచ్చినావు. ఆ పని చేసే ఆయమ్మను ఇంట్ల పెట్టుకొని, ప్రభువు శిష్యుడని ఎట్ల చెప్పుకుంటావు? ఎవరన్నా నీ భార్య ఏం చేస్తాదంటే ఏం చెప్తావు?" అన్నాడు.

"శిల్పి అని చెప్తా" అన్నాను. "నన్ను పిలిచినాయన నా చేతిలో ఉలి దించమన్నాడు. నా భార్య చెయ్యి వదలమని చెప్పల్యా."

ఆయన తల ఊపలేదు, లేచి వెళ్ళిపోనూ లేదు. వచ్చే ఆదివారం వస్తాడో రాడో తెలియదు. లూదియమ్మ మాత్రం, "ఇద్దరికీ రాతిదుమ్మేనంటే, బాత్రూములో ఇంగో బకీటు కావల్ల" అని తన ఇంటి నుంచి ఒకటి తెచ్చిపెట్టింది.

షెడ్డుకు ఆనుకొని రెండో గది వేశాను. సున్నం ఇంకా ఆరలేదు. నీ దీపానికి గూడు మాత్రం నేను కట్టలేదు భానూ. అది నా చేత్తో చేయలేను. తూర్పు గోడ ఖాళీగా ఉంచాను. దాని మీద నేను ఏదీ పెట్టను. నువ్వు వచ్చి కట్టుకో.

మౌనేశ్